నిచ్చెన పట్టుకున్న మనిషి

పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఖాళీగా కూర్చున్న నన్ను నాన్న ఆ వేసవిలో అత్త దగ్గరికి పంపింది నా చేతిరాత కోసమే. "ఒరేయ్ తమ్ముడూ, నీ కూతురి అక్షరాలు గుండ్రంగా ఉంటాయటగా, ఒక నెల నాకు అరువివ్వు" అని అత్త ఫోన్లో అడిగింది. నోరు విప్పని పిల్ల పట్నంలో ఎలా నెగ్గుకొస్తుందని అమ్మ బెంగపెట్టుకుంది. "మా అక్క ఉందిగా, ఇద్దరి వాటా మాటలూ తనే మాట్లాడుతుందిలే" అన్నాడు నాన్న.

అత్త చేసే పనేమిటో మా ఊళ్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆమె బొమ్మల గురించి రాస్తుంది. బొమ్మలు వెయ్యదు. "అంటే వంట చెయ్యకుండా రుచి చెప్పడమన్నమాట" అని మా బాబాయి ఒకసారి ఎగతాళి చేశాడు. అత్త నొచ్చుకోలేదు. "అవున్రా. ఉప్పు తక్కువైందని మొహమాటం లేకుండా చెప్పే మనిషి ఒకరుండాలిగా" అంది.

ఆమె ఇంట్లో మంచం కింద బొమ్మలు, బీరువా వెనక బొమ్మలు, వంటింటి అటక మీద పాత పత్రికల కట్టలు. ఇరవై రెండేళ్లు ఆమె ఒక చిన్న పత్రిక నడిపింది. రాసేదీ తనే, దిద్దేదీ తనే. చిరునామాలు రాసి తపాలాపెట్టెలో వేసే పని మాత్రం మామయ్యది. బొమ్మలు చూడటానికి జనం రాకపోతే బొమ్మలే జనం దగ్గరికి వెళ్లాలని ఆమె పంతం. బస్టాండు వరండాలో తాడు కట్టి, బట్టల క్లిప్పులు పెట్టి బొమ్మలు వేలాడదీసింది. ఆసుపత్రి చీటీల వరసలో నిలబడ్డవాళ్ల కళ్లెదురుగా పెట్టింది. దుప్పట్లో చుట్టిన బొమ్మలు పట్టుకుని ఎన్ని బస్సులెక్కిందో చెప్పలేం.

"బొమ్మకి సీటిచ్చి తను నిలబడి వచ్చిన రోజులున్నాయమ్మా. నాకెప్పుడూ అంత మర్యాద జరగలేదు" అన్నాడు మామయ్య, నేను వెళ్లిన మొదటి రోజే. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. నా పేరు మౌనస్వామి అని మార్చేసింది కూడా ఆ రోజే.

ఆ వేసవిలో పెడుతున్న ప్రదర్శన బోర్డులాయనది. ఆయన దుకాణాలకి బోర్డులు రాసేవాడట. రెండేళ్ల కిందట పోయాడు. బోర్డులకి కోసిన రేకుల్లో మిగిలిన ముక్కల మీద, డబ్బాల అడుగున మిగిలిన రంగులతో వేసిన పద్నాలుగు చిన్న బొమ్మలు ఉన్నాయి. ఒక్కోటి పలకంత ఉంటుంది. ప్రతిదాని కింద కుడిమూల గోరంత పిట్ట. ఇరవై ఎనిమిదేళ్ల కిందట అత్త వాటిని చూసి, 'పిట్ట సంతకం' అని వ్యాసం రాసింది. దాంతో బోర్డులాయనకి పేరొచ్చింది. అత్తకి అంతకంటే ఎక్కువ వచ్చింది. నాలుగు ఊళ్ల నుంచి ఆమెను మాట్లాడటానికి పిలవడం అప్పుడే మొదలైంది. ఇప్పుడు ఆమె వ్యాసాలన్నీ కలిపి పుస్తకంగా అచ్చవుతున్నాయి. పుస్తకం పేరూ అదే, మొదటి వ్యాసమూ అదే. ప్రదర్శన తెరిచే రోజునే పుస్తకం విడుదల.

మూతపడిన నూలు గోదామే మా హాలు. ఎత్తైన కిటికీల్లోంచి పొద్దున్నే వెలుతురు పడేది, పదకొండు దాటితే రేకుల కప్పు వేడెక్కేది. అందుకని మేం ఏడింటికే వెళ్లేవాళ్లం. వడ్రంగి మేకులు కొట్టేవాడు. నేను కింద కూర్చుని మందపాటి అట్టముక్కల మీద చీటీలు రాసేదాన్ని. "అచ్చేసిన చీటీ ఎవడూ చదవడే. చేత్తో రాసింది చదవకుండా పోలేడు" అనేది అత్త.

ఆమెకి ఒక పద్ధతి ఉంది. ఎవరు కనిపించినా బొమ్మ ముందు నిలబెట్టి "ఏం కనిపిస్తోంది?" అని అడుగుతుంది. వాళ్లు చెప్పింది నోటుబుక్కులో రాసుకుంటుంది. 'బాగుంది' అనే మాట మాత్రం నిషేధం.

"బాగుంది అనేది చూడనివాళ్ల మాట. ఇంకోటి చెప్పు" అంది నాతో.

"బాగా... ఉంది అత్తా."

వడ్రంగి పకపకా నవ్వాడు. "పాపని వదిలెయ్యండి అమ్మగారూ. నేను చెబుతా. అటు చివర బొమ్మ అర అంగుళం కిందికి దిగింది."

"చూశావా? అదీ చూడటమంటే" అని అత్త ఆ మాట కూడా రాసుకుంది.

ఆరో బొమ్మ దగ్గరే నాకు చెయ్యి ఆగింది. అందులో ఒక మనిషి నిచ్చెన పైన నిలబడి బోర్డు రాస్తుంటాడు. అతని మొహం కనపడదు. రెండు అరికాళ్లు, వాటి పైన మడిచి కట్టిన లుంగీ, ఇంకా పైన డబ్బా అడుగు, ఆకాశం. బొమ్మ కుడి అంచున పైనుంచి కిందిదాకా చేతి మందాన ఒక ముదురు పట్టీ. దాని గురించి అత్త వ్యాసంలో ఇలా రాసింది: 'ఈ కళాకారుడు తన్ను తాను వదిలి, కిందికి దిగి నిలబడి, తన కష్టాన్ని తానే తలెత్తి చూసుకున్నాడు. ఆ చీకటి పట్టీ బతుకును రెండుగా చీల్చే గీత.'

మా నాన్న ఇళ్లకి సున్నం వేస్తాడు. సెలవుల్లో నిచ్చెన పట్టుకునేది నేనే. సున్నం చుక్కలు కంట్లో పడకుండా తల పక్కకి పెట్టి, నిచ్చెన నిలువు బద్దకి చెంప ఆనించి పైకి చూస్తే నాన్న నాకు సరిగ్గా అలాగే కనిపిస్తాడు. ఆ పట్టీ నిచ్చెన బద్ద. ఆ రోజు డైరీలో అంతే రాసుకున్నాను. మర్నాడు దాని కిందే, 'అత్తకి చెప్పాలా?' అని రాశాను. మూడో రోజు ఏమీ రాయలేకపోయాను. ఎందుకంటే పై మాట నిజమైతే బోర్డులాయన పైన ఉన్నాడు. మరి కింద ఉన్నదెవరు?

నాలుగో రోజు పొద్దున అత్త ఆరో బొమ్మ ముందు నిలబడి అలవాటుగా అడిగింది. "ఏం కనిపిస్తోందే?"

"నిచ్చెన బద్ద" అన్నాను.

"ఏదీ?"

"ఆ నల్ల పట్టీ అత్తా. ఇది... నిచ్చెన పట్టుకున్నవాళ్లకి కనిపించేది. ఎక్కినవాళ్లకి కాదు."

"ఊహించి వేశాడే. అందుకేగా గొప్పవాడయ్యాడు."

"ఊహిస్తే రెండు బద్దలూ వేస్తారు. చెంప ఆనించుకుంటేనే ఒకటి కనపడుతుంది. అదీ ఇంత లావుగా." నా గొంతు నాకే వినపడటం లేదు. "నేను మా నాన్నకి పట్టుకుంటాగా."

అత్త కోప్పడుతుందనుకున్నాను. కొంగు నడుముకి బిగించి, వడ్రంగిని నిచ్చెన ఎక్కమంది. కింద తను పట్టుకుంది. మొదట తల వెనక్కి వాల్చి చూసింది. తర్వాత కళ్లజోడు తీసి నా చేతికిచ్చి, బద్దకి చెంప ఆనించి చూసింది. చాలాసేపు అలాగే ఉండిపోయింది.

"అమ్మగారూ, దిగమంటారా? కాళ్లు లాగుతున్నాయి" అన్నాడు వడ్రంగి పైనుంచి.

"ఆయన నిచ్చెన ఎవరు పట్టుకునేవారయ్యా?"

"ఎవరి నిచ్చెనండీ?"

అత్త నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. చెంప మీద దుమ్ము చార అలాగే ఉంది.

బోర్డులాయన కొట్టు నాలుగు వీధుల అవతల. షట్టరు సగం దించి ఉంది. లోపల ఆయన చెల్లెలు నేల మీద కూర్చుని ఒక మోటారు సైకిలు నంబరు ప్లేటు రాస్తోంది. వీధిలో అందరూ ఆమెను ప్లేట్ల మామ్మ అంటారు. ప్రదర్శనకి కావాల్సిన బొమ్మల్లో ఏడింటిని ఆమే గోనెసంచిలో చుట్టి పంపింది. మమ్మల్ని చూసి లేవబోయింది కానీ, 'ఎనిమిది' సగంలో ఉంది. అది పూర్తిచేసే వరకూ మేమిద్దరం నిలబడే ఉన్నాం. కుంచె ఒక్కచోట కూడా వణకలేదు.

"మీ అన్నగారికి నిచ్చెన ఎవరు పట్టుకునేవారమ్మా?" అంది అత్త.

"నేనే. ఇంకెవరున్నారు?"

"ఆ అరికాళ్ల బొమ్మ..."

"ఆ, అన్నయ్యవే. ఎడమ మడమ పగిలి ఉండేది. రోజూ చూసి చూసి వేసేశా."

వేసేశా అని ఆమె ఎంత మామూలుగా అందంటే, నాకు ముందు అర్థం కాలేదు. అత్తకి అర్థమైంది.

"మిగతావి?"

"బొమ్మలన్నీ నావేనండీ. అన్నయ్యది అక్షరం చెయ్యి. రేకు ఖాళీగా ఉంటే కోసి, తెల్లపూత వేసి, ఇదిగో ఏదో ఒకటి వేసుకో అని ఇచ్చేవాడు."

"మరి ఆ పిట్ట?"

"అది కొట్టు గుర్తు. ఎవరు రాసినా చివర అదే పెడతాం. సబ్బుల దుకాణం బోర్డు మీద ఉంది. మందుల కొట్టు మీద ఉంది. మీరు వెళ్లే దారిలో పళ్ల డాక్టరు బోర్డు మీద కూడా ఉంది." ప్లేట్ల మామ్మ కుంచె తుడుస్తూ అత్త మొహంలోకి చూసింది. "అన్నయ్య మీకు చెప్పాడుగా? నావి కావండీ, కొట్టువి అని."

"చెప్పాడు" అంది అత్త. "వినయం అని రాశాను."

అది నిజం. ఆ వ్యాసంలో ఉంది. నేను చదివాను. 'నావి కావండీ, కొట్టువి, అంటాడు ఆ వినయశీలి.'

"ఆ రోజు మీకు మంచినీళ్లిచ్చింది నేనే. గ్లాసు అంచుకి నీలం రంగు అంటుకుంటే మీరు కొంగుతో తుడుచుకుని తాగారు."

అత్త అక్కడే ఒక రంగుడబ్బా మీద కూర్చుంది. ఆ తర్వాత చాలా మెల్లగా అడిగింది. "మళ్లీ ఎందుకు వెయ్యలేదు? పద్నాలుగు దగ్గర ఎందుకు ఆపేశారు?"

"ఎలా వేస్తామండీ? ఆ పత్రిక వచ్చాక జనం వచ్చి అన్నయ్యని బొమ్మలడగడం మొదలుపెట్టారు. ఆయనకి రాదు. నేను వేసిస్తే ఆయన వేశాడంటారు, అది ఆయనకి సిగ్గు. కాదంటే మీ మాట పోతుంది. మూడు రోజులు కొట్టు తెరవలేదు పాపం. అందుకని ఇద్దరం మానేశాం. ఏముంది, బోర్డుల పని ఉండనే ఉంది." ప్లేటు ఎండలో ఆరబెట్టి వచ్చి నవ్వింది. "మీరు మంచే చేశారు. కొట్టుకి పేరొచ్చింది. మంచినీళ్లు తెమ్మంటారా?"

దారిలో పళ్ల డాక్టరు బోర్డు దగ్గర అత్త ఆగింది. పిట్ట ఉంది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆమె ఆ వీధిలోనే నడుస్తోంది.

ఇంట్లో ఆ మధ్యాహ్నం మామయ్య ప్రెస్సు నుంచి తెచ్చిన ప్రూఫులు ముందేసుకుని కూర్చున్నాడు. అత్త జరిగింది చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు, 'పద్నాలుగు దగ్గర ఆగిపోయాడు, సంపూర్ణత తెలిసినవాడు' అని తను తర్వాతెప్పుడో రాసిన మాటతో సహా. అది చెప్పేటప్పుడు మాత్రం కిటికీ వైపు తిరిగింది.

మామయ్య జోకులు వెయ్యడం అదొక్కరోజే మానేశాడు. "ఇప్పుడేం చేద్దాం? సగం పుస్తకం అచ్చయిపోయింది. చివర్లో తప్పొప్పుల పట్టిక ఉంటుందిగా, అందులో ఒక మాట వేద్దాం."

"ఎక్కడ? 'వేరు'కి బదులు 'వేరే' అని చదువుకోండి అంటామే, దాని కిందా?"

"పోనీ ఆ వ్యాసం తీసేద్దాం."

"తీసేస్తే నా తప్పు దాక్కుంటుంది. ఉండనీండి. దాని పక్కనే ఇంకోటి రాస్తాను."

"ఎల్లుండి విడుదల."

"అవదు. బొమ్మలు మాత్రం ఎల్లుండే చూపిద్దాం. పుస్తకం తర్వాత వస్తుంది."

మామయ్య ప్రూఫుల అంచులు సరిచేశాడు. "నిన్ను నలుగురు పిలిచింది ఆ వ్యాసం చూసే. రేపెవరైనా, ఇదే ఇలా రాస్తే మిగతావాళ్ల గురించి రాసింది మాత్రం నమ్మకమేమిటి అంటే?"

"అంటారు."

"అంటే?"

"మళ్లీ వెళ్లి చూడాలి. ఒక్కొక్కటీ." అని నా వైపు తిరిగింది. "చీటీలన్నీ మళ్లీ రాయాలే. అట్టముక్కలు మిగిలాయా?"

మిగిలాయి. కానీ మర్నాడు పొద్దున్నే ప్లేట్ల మామ్మ గోదాముకి వచ్చి గోల చేసింది. ఆ శాంతమైన మనిషికి అంత గొంతు ఉందని నేననుకోలేదు.

"మా అన్నయ్య పేరు తీసేస్తారటగా? అలాగైతే నా బొమ్మలు నాకిచ్చెయ్యండి. గోనెసంచి తెచ్చుకున్నా."

"తీసెయ్యనమ్మా. ఉన్నదున్నట్టు రాస్తాను. మీరు చెప్పండి, ఆయన ఏం చేశాడో."

"రేకు కోసేవాడు. అంచులు చెయ్యి కొయ్యకుండా ఆకురాయి పట్టేవాడు. తెల్లపూత రెండుసార్లు వేసేవాడు, ఒకసారి చాలంటే వినేవాడు కాదు. పిట్ట ఆయనే పెట్టేవాడు."

అత్త చెబుతుంటే పద్నాలుగు చీటీల మీదా బొమ్మ పేరు కింద అదే రాశాను. బొమ్మ వేసింది చెల్లెలు. రేకు కోసి, అంచులు అరగదీసి, రెండు పూతలు వేసి, గుర్తు పెట్టింది అన్న. ప్లేట్ల మామ్మ నా వెనకాలే నిలబడి ప్రతి చీటీ చదివింది. "అక్షరం బానే ఉందే" అంది చివరికి. "బానే ఉంది అనకూడదు" అన్నాడు వడ్రంగి. నేను పైకే నవ్వాను.

ప్రదర్శన రోజు సాయంత్రం నాలుగింటికే కుర్చీలు నిండాయి. ముఖ్య అతిథి కాలేజీ ప్రిన్సిపాలు. ముందు వరసలో ఆయన, మామయ్య, పత్రిక పాత చందాదారులు. ప్లేట్ల మామ్మ ఇస్త్రీ చీర కట్టుకుని ఆఖరి వరసలో, తలుపు దగ్గర కూర్చుంది. రమ్మంటే ఇక్కడైతే గాలి వస్తుందంది.

అత్త మైకు దగ్గర నిలబడి పాత వ్యాసంలోంచి రెండు పేరాలు చదివింది. వినయశీలి దాకా. అందరూ చప్పట్లు కొట్టారు. చాలామందికి ఆ వాక్యాలు కంఠతా వచ్చు. ఆ కాగితం మడిచి ఆమె ఇలా అంది:

"ఇందులో తప్పుంది. ఒక మనిషి నాతో నిజం చెప్పాడు. నేను వినలేదు. వినకుండా మెచ్చుకున్నాను. ఆ మెప్పు వల్ల ఈ బొమ్మలు వేసిన చెయ్యి ఆగిపోయింది. ఆ చెయ్యి ఆఖరి వరసలో ఉంది."

కుర్చీలు కిర్రుమన్నాయి. అందరూ వెనక్కి తిరిగారు. ప్లేట్ల మామ్మ కూడా తన వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసింది.

ఒక పెద్దాయన లేచాడు. "అమ్మా, మరి ఇన్నేళ్లూ మేం చదివి పదిమందికీ చెప్పిందో?"

"నేను రాసిందే చదివారు. తప్పు మీది కాదు."

ఆయన చేతిసంచి తీసుకుని వెళ్లిపోయాడు. ఇంకొకాయన కూడా ఆయన వెంట లేచాడు. అత్త వాళ్లు గుమ్మం దాటే వరకూ ఆగింది. అన్నేళ్లుగా ఆ ఇద్దరూ ఒక్క ప్రదర్శన కూడా మానలేదని మామయ్య తర్వాత చెప్పాడు. అత్త "రండి, చూద్దాం" అని దిగి, నేరుగా ఆఖరి వరసకి వెళ్లి ప్లేట్ల మామ్మని లేపింది. ఇద్దరూ మొదటి బొమ్మ దగ్గరికి నడిచారు. జనం దారిచ్చారు. మిగిలిన అట్టముక్కలు, కలం పట్టుకుని నేను పక్కనే ఉన్నాను.

మొదటి బొమ్మ తీగ మీద ఆరేసిన బట్టలు. దాని పేరు 'సాయంకాలపు పెరడు'. అత్త పెట్టిన పేరే. ప్లేట్ల మామ్మ దాన్ని దగ్గరగా చూసి, తర్వాత చీటీ చూసి, నోరు తెరవబోయి ఊరుకుంది.

"చెప్పండి" అంది అత్త.

"ఎందుకులెండి ఇంతమందిలో."

"ఇంతమందిలోనే చెప్పండి."

"ఇది సాయంత్రం కాదండీ. తెల్లారగట్ల. సాయంత్రమైతే మా పెరట్లోకి వెలుతురెక్కడిది? పక్కింటి గోడ అడ్డం."

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. అత్త నా చేతిలోంచి కలం లాక్కుని, సాయంకాలపు అన్నది కొట్టేసి, పైన తెల్లవారుజాము అని తన వంకర అక్షరాలతో రాసింది. నేను అంత శ్రద్ధగా రాసిన చీటీ అది.

"ఇంకా?" అంది.

"ఇంకా అంటే... ఆ చొక్కాని మీరు ఖాళీ అయిన మనిషి అన్నారట. అది పిండలేదండీ, అంతే. నీళ్ల బరువుకి అలా సాగింది."

"ఇంకా?"

ప్రిన్సిపాలు గడియారం చూసుకున్నాడు. టీలు చల్లారిపోతున్నాయని మామయ్య సైగ చేశాడు. అత్త అటు చూడనే లేదు. కలం అట్ట మీద ఆనించి, పక్కకి వంగి, ఆమె ఏం చెబితే అది రాసుకోవడానికి సిద్ధంగా నిలబడి ఉంది.

ప్లేట్ల మామ్మ ఈసారి బొమ్మ వైపు చూడలేదు. అత్త మొహంలోకే చూసింది.

"ముందా కళ్లజోడు తుడుచుకోండి" అంది. "చాలా ఉన్నాయి. నేనెక్కడికీ పోను."

అత్త తుడుచుకుంది.